సముద్రమట్టం నుంచి శిమిలిగుడ దాకా

శిమిలిగుడ,
3 ఆగస్టు 2025.

బావకి,

నాలుగు రోజులుగా వాన వదలలేదు. పొద్దున్న దిగిన మంచు పదింటికి కూడా లేవడం లేదు, సిగ్నల్ స్తంభం కనబడదు. మొన్న కరకవలస వైపు మట్టి జారి పట్టాల పక్క కాలువ పూడిపోయింది. ఇనుపరాయి మోసే గూడ్సు బళ్ళు ఆగకూడదు కాబట్టి బండికీ బండికీ మధ్య దొరికిన సమయంలోనే, నా కింద ఉన్న పన్నెండుమంది కూలీలతో పారలు పట్టి తీయించాను. సాయంత్రానికి పని అయింది. తెల్లారేసరికి మళ్ళీ జారి ఉంది. మళ్ళీ తీశాం.

నీ ఉత్తరం మోహనకృష్ణ ఇచ్చాడు. ప్యాసింజర్‌లో బజ్జీలు అమ్ముకునే మనిషి ఇన్నేళ్ళుగా మనకి పోస్టుమాన్ పని కూడా చేస్తున్నాడు. ఫోన్ సిగ్నల్ కావాలంటే ఇక్కడ గుట్ట ఎక్కాలి, ఆ ఫోన్ కూడా మా అమ్మాయి యశస్విని చదువుకే సరిపోతుంది. అందుకని నువ్వు ఏం చెప్పాలన్నా ఇలాగే రాయి.

ధర్మకార్యం కోసం వైజాగ్ స్టేషన్ నుంచి మా శిమిలిగుడ స్టేషన్ దాకా సైకిళ్ళ మీద వస్తామన్నావు. మీ స్టేషన్ సముద్రం పక్కన. మా స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టానికి 996.32 మీటర్లు అని ఉంది. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైను మీద ఇంతకంటే ఎత్తయిన స్టేషన్ లేదని ఇక్కడ అందరూ చెప్పుకునేవారు. తరవాత కాశ్మీర్‌లోది దాటేసింది. మాకేమీ బాధ లేదు.

దారి అడిగావు కాబట్టి రాస్తున్నాను. కొత్తవలస దాటాక బొడ్డవర, శివలింగపురం, త్యడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆ తరవాత మేము. ఒక్కొక్క స్టేషన్‌కీ ఎన్ని కిలోమీటర్లో వెనక కాగితం మీద వేశాను. ప్రతి స్టేషన్‌లోనూ కుళాయి ఉంది, అక్కడక్కడ ఆగి నీళ్ళు తాగుతూ రండి. ఎత్తు అని భయపడకు. అరవై అడుగులు నడిస్తే ఒక్క అడుగు లేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా నేను కాంట్రాక్టరు కింద కంకర పోయిస్తున్న లైను ఇది.

మీ అక్క చిట్టమ్మకి చదివి వినిపిస్తే, "యాభై ఆరేళ్ళొచ్చాక కొండమీదికి సైకిలేటి? తమ్ముడికి ఇంట్లో ఊపిరాడతన్నట్టు నేదు" అంది. చెల్లి రోజాకి ఈ మాట చెప్పకు.

ఎవరి కోసమో మాత్రం రాయలేదు. రాయాలనిపించినప్పుడు రాయి.

వరహాలు

*

కూర్మన్నపాలెం,
17 ఆగస్టు 2025.

బావకి,

ఇక్కడ చుక్క వాన లేదు. ఒకటే ఉక్క. చొక్కా వేసుకోగానే తడిసిపోతుంది.

స్వచ్ఛంద విరమణ తీసుకుని నాలుగు నెలలైంది. స్టీల్‌ప్లాంట్ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒంటికి ఆ సంగతి ఇంకా తెలియలేదు. నాలుగున్నరకి మెలకువ వస్తుంది. ఆరు గంటల 'ఏ' షిఫ్ట్‌కి వెళ్ళేవాళ్ళ బళ్ళ చప్పుడు వింటూ మంచం మీద కూర్చుంటాను. అవి పోయాక వీధి చివరికి వెళ్ళి వస్తాను. రోజా లేచేలోపు రెండుసార్లు వెళ్ళి వస్తాను. "చెప్పులు అరిగిపోతన్నాయి, ఒక దగ్గర కూచోరాదేటి" అంటుంది. కూర్చోలేకపోతున్నాను బావా. అందుకే ఈ సైకిలు.

ఇప్పటికి మేము పదకొండుమంది. ఎక్కువమంది మిల్లువాళ్ళే. బయటివాడు అప్పలసూరి ఒక్కడే. పొద్దున్నే హార్బర్‌లో చేపలు ఎత్తుకుని సైకిల్ మీద కాలనీలన్నీ తిరిగి అమ్ముతాడు. వాడి సైకిల్‌కి గేర్లు లేవు. వద్దన్నా వస్తానన్నాడు. రోజూ పొద్దున్న రుషికొండ దాకా వెళ్ళి వస్తున్నాం.

తేదీ నవంబర్ 14 అనుకున్నాం. పిల్లల పండగ కాబట్టి జెండా ఊపడానికి ఎవరో ఒక పెద్దమనిషి దొరుకుతాడని సుమంత్ అన్నాడు. వాడు మా మిల్లులో కుర్ర ఇంజనీరు, పాంప్లెట్ల పనంతా వాడిదే. ఆ సాయంత్రం మీ స్టేషన్ దగ్గర బోర్డు పక్కన నిలబడి ఒక ఫొటో తీసుకుంటే చాలు. నువ్వు, అక్క, యశస్విని కూడా ఉండాలి.

ఎవరి కోసం అన్నావు. కాలు పోయినవాళ్ళకి మంచి కృత్రిమ కాలు పెట్టించాలని. మొదటిసారి ఒక్కరికే. పేరు ఇంకా తేలలేదు.

యశస్విని నడక ఎలా ఉంది? క్యాంపులో ఇచ్చిన కాలు ఇంకా ఒరుస్తోందా? అప్పుడు తీసిన కొలతల చీటీ ఉంటే పంపు. ఊరికే ఒకరికి చూపిద్దామని.

అర్జునరావు

*

శిమిలిగుడ,
7 సెప్టెంబర్ 2025.

బావకి,

వాన తగ్గింది, జలగలు తగ్గలేదు. ఈ వారమంతా కంకర సర్దే పని. ఇద్దరు కూలీలకి జ్వరం, వాళ్ళ పార నేనూ పట్టాను. రెండో రోజుకి నడుం పట్టేసింది.

కొలతల చీటీ ఇందులో పెట్టాను. నీకు తెలిసిన డాక్టర్ ఎవరైనా ఉన్నారు కాబోలు. క్యాంపు కాలు గచ్చు నేల మీద బాగానే ఉంటుంది. ఇక్కడ గచ్చు ఎక్కడుంది? మడమ వంగదు కాబట్టి పల్లంలో దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగుతుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి దిగి వచ్చేసరికి మోకాలి కింద చర్మం లేచిపోతుంది. తడిగుడ్డ వేసుకుని చదువుకుంటుంది. దూరవిద్యలో డిగ్రీ రెండో ఏడాది. చేయి పట్టుకోబోతే ఒప్పుకోదు.

ఆ మధ్య చిట్టమ్మ ఏడిస్తే, "అమ్మా, నువ్వేడిస్తే కాలొస్తాదేటి, ఉల్లిపాయలైనా తరుగు" అంది. పిల్ల అలా ఉంది.

నాకు ఒక్కటే ఊరట. మీ ఇద్దర్నీ గుద్దిన ఆ లారీ నడిపినవాడికి శిక్ష పడుతుంది. కేసంతా నీ సాక్ష్యం మీదే ఉందని అప్పట్లో పోలీసాయన చెప్పాడు. భుజం విరిగి పడి ఉండి కూడా ఆ రోజు నువ్వు లారీ నంబర్ చెప్పగలిగావు. అది నేను మరచిపోలేదు. పిల్లని మీ ఇంట్లో పెట్టి చదివించినందుకు నిన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను ఊరుకోను. వాడు జైలుకి వెళ్ళిన రోజున వచ్చి మీ ఇంట్లో కడుపునిండా తింటాను.

సైకిళ్ళవాళ్ళకి భోజనం సంగతి చిట్టమ్మ చూస్తానంది. పదకొండుమందికి అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర. చేపలు కావాలంటే మీ అప్పలసూరిని తెచ్చుకోమను.

వరహాలు

*

కూర్మన్నపాలెం,
21 సెప్టెంబర్ 2025.

బావకి,

నీ కాగితం పట్టుకుని మొన్న నలుగురం ఒకసారి దారి చూడ్డానికి బయలుదేరాం. ఆ కాగితం ఎవరికీ చూపించకు.

బొడ్డవర దాకా బాగానే ఉంది. శివలింగపురం స్టేషన్‌లో నీళ్ళు తాగాలని రాశావు. రోడ్డు పక్క ఒక ముసలామెని స్టేషన్ ఎక్కడని అడిగితే, "టేసనుకి సైకిలేటి నాయనా, రైలెక్కండి" అంది. చిమిడిపల్లి ఎక్కడని అడిగితే లోయ అవతలకి చెయ్యి చూపించారు. బొర్రా స్టేషన్‌కి పోవాలంటే పెద్ద రోడ్డు వదిలి కిందికి దిగి, మళ్ళీ అంతా ఎక్కి రావాలట. నువ్వు రాసిన కుళాయిల్లో సగం మా దారిలోనే లేవు. నువ్వు కొండలో నుంచి సొరంగాల్లో పోయే దారి రాశావు. మేము కొండ మీద నుంచి పోవాలి. అరవైకి ఒకటి నీ రైలుకి, రోడ్డుకి ఎవరు చెప్పారు?

అనంతగిరి ముందు రెండో మలుపులో నేను సైకిల్ దిగిపోయాను. సుమంత్ ఇంకా ముందే దిగాడు, వాడి సైకిల్ నా మూడు నెలల పెన్షన్ అంత. ఇద్దరం తోసుకుంటూ వెళ్తుంటే అప్పలసూరి గేర్లు లేని సైకిల్ మీద లుంగీ ఎగ్గట్టుకుని మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు. పైన టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు. "ఐసుబాక్సు లేకపోతే సైకిలు గాలిలా పోతంది బావా. మీరు సేపలు మోయాల, అప్పుడు తెలుస్తాది" అన్నాడు. టీ కొట్టువాడు ఇంకొక మాట చెప్పాడు. గాలికొండ దగ్గర రోడ్డు మీ స్టేషన్ కంటే బాగా పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి మీ స్టేషన్‌కి దిగుతుందట. అన్నిటికంటే ఎత్తయిన స్టేషన్‌కి మేము దిగి వస్తాం. నువ్వు ఎప్పుడైనా ఈ రోడ్డు మీద వచ్చావా బావా? నిజం చెప్పు.

దారి మళ్ళీ రాసుకున్నాం. నీళ్ళకి ఒక ఆటో వెనకాల వస్తుంది.

ఇంకొక సంగతి. కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. సాక్ష్యం చెప్పడానికి నవంబర్ 14నే రమ్మన్నారు, గాజువాక. ప్లీడర్‌కి చెప్పాను, వాయిదా అడిగితే సరిపోతుందన్నాడు. ఇప్పటికి రెండుసార్లు అలాగే జరిగింది. ఈసారి కూడా జరిపిస్తాను.

రాత్రి నిద్ర లేదు. కాళ్ళ నొప్పులు అంతే.

అర్జునరావు

*

శిమిలిగుడ,
5 అక్టోబర్ 2025.

అర్జునరావుకి,

ఎండగా ఉంది.

ఆ రోడ్డు మీద నేను ఎప్పుడూ రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. రైలు ఎక్కడం, రైలు దిగడం తప్ప నాకు వేరే దారి తెలియదు. తెలుసనుకుని రాశాను. అది నా తప్పు.

ఇక నీ తప్పు. నిన్న మోహనకృష్ణ ఇంటికి బజ్జీల పొట్లం పంపించాడు. చిట్టమ్మ పొట్లం విప్పి పళ్ళెంలో పోసి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. నూనె మరకల్లో నా కూతురి ముఖం. కింద "ఈ చిన్నారికి కాలు ఇద్దాం రండి" అని రాసి ఉంది. దాని కింద మీ అందరి పేర్లు. మొదటి పేరు నీది.

పేరు ఇంకా తేలలేదని రాశావు. కొలతల చీటీ ఊరికే అన్నావు. నేను మూర్ఖుణ్ణి, నమ్మి పంపాను.

ఆ కాగితాలు ఎన్ని పంచారు? ప్యాసింజర్‌లో ఎంతమంది దాంట్లో బజ్జీలు తిని చేతులు తుడుచుకున్నారు? నేను ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. పిల్ల ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా చాచలేదు. నీకు తెలుసు. కూలీలు పొద్దున్న నన్ను చూసి మాట్లాడటం ఆపేశారు. వాళ్ళ చేతుల్లోనూ అదే కాగితం ఉంది.

చిట్టమ్మ బజ్జీలు ఎవరినీ తిననివ్వలేదు. యశస్విని ఆ కాగితం అడిగి తీసుకుని, తుడిచి, మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

మీరు ఇక్కడికి రావద్దు. వస్తే స్టేషన్ అందరిదీ, కాదనలేను. మా ఇంటికి మాత్రం రావద్దు.

వరహాలు

*

కూర్మన్నపాలెం,
12 అక్టోబర్ 2025.

బావకి,

ఫొటో వేసింది సుమంతే అయినా ఇచ్చింది నేను. మిగిలిన పాంప్లెట్లు రోజా పొయ్యిలో పెట్టింది. తిట్టు, పడతాను. కానీ నువ్వు తిట్టవలసినది అది కాదు. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను.

పాంప్లెట్ల కాగితం చౌకగా వస్తుందని పోయిన వారం వన్ టౌన్ వెళ్ళాను. మిరపకాయల గొడౌన్ ముందు లారీ నుంచి బస్తాలు దించుతున్నారు. ఆటోలు, బళ్ళు, దగ్గు, సందులో నడవడానికి లేదు. ఒక మనిషి బస్తా వీపున వేసుకుని నా ఎదురుగా వచ్చి ఆగాడు. బస్తా దించకుండానే, "పాప ఎలాగుంది బాబూ?" అని అడిగాడు. అప్పుడు పోల్చుకున్నాను. నాగబాబు. ఆ లారీ నడిపినవాడు. మెడ మీద మిరప ధూళి, కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. అవి మిరపకాయల వల్ల వచ్చినవే. "బాగుంది" అన్నాను. "నడుత్తందా?" అన్నాడు. "నడుస్తోంది" అన్నాను. "మంచిది బాబూ. ఈ కేసు పెట్టిన కాడ్నించి బండి తోలడానికి నన్నెవురూ పిలవరు. నాను హారన్ కొట్టినాను బాబూ, బ్రేకు కూడా యేసినాను. మీకు గుర్తుందా?" అని అడిగాడు. వెనకాల ఉన్నవాడు తిట్టేసరికి ముందుకు వెళ్ళిపోయాడు.

నాకు గుర్తుంది బావా.

ఆ రోజు యశస్వినికి పరీక్ష. మద్దిలపాలెం వెళ్ళే బస్సు దగ్గర దాన్ని దించి ఆరుకల్లా ప్లాంట్ గేట్‌లో హాజరు పంచ్ చేయాలి. ఇంటి దగ్గరే ఆలస్యమైంది. జంక్షన్ దాటి ముందుకు వెళ్ళి మలుపు తిరిగి రావాలి. అది మానేసి రోడ్డు అంచున ఎదురు దారిలో బండి పోనిచ్చాను. 'ఏ' షిఫ్ట్‌కి పోయేవాళ్ళు సగంమంది అలాగే వస్తారు, నేను ఏళ్ళుగా అలాగే వచ్చాను. లారీ తన దారిలో తను వచ్చింది. హారన్ కొట్టాడు. నేను పక్కకి తీయగలననుకున్నాను.

ఆసుపత్రిలో పోలీసాయన అడిగినప్పుడు, లారీయే అడ్డంగా వచ్చిందన్నాను. నువ్వు మంచం పక్కన నిలబడి ఉన్నావు. నీ ముఖం చూస్తూ ఇంకొకటి చెప్పలేకపోయాను. తరవాత చెబుదామనుకున్నాను. తరవాత నువ్వు నా చేయి పట్టుకుని, నంబర్ చెప్పి మంచి పని చేశావన్నావు. ఇక చెప్పడానికి దారి కనబడలేదు.

అందుకే ఈ సైకిలు. ఈ ఒక్క పని చేస్తే ఇంట్లో కూర్చోగలుగుతానేమో అనుకున్నాను. వాయిదాలు కూడా అందుకే అడిగాను. కోర్టులో నిలబడి మళ్ళీ ఆ మాటే చెప్పలేను, ఇంకో మాట చెప్పడానికి ధైర్యం లేదు.

రోజాకి నిన్ననే చెప్పాను. ఆమె ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెడుతోంది.

అర్జునరావు

*

శిమిలిగుడ,
31 అక్టోబర్ 2025.

బావకి,

తుపానుకి లైను తెగింది. మూడు చోట్ల కొండ జారింది. ఒక చోట లారీ అంత బండ పట్టాల మీద కూర్చుంది. రెండు రోజులు బళ్ళు లేవు, ప్యాసింజర్ ఇంకా రావడం లేదు. కూలీలం అందరం పగలంతా అక్కడే ఉన్నాం. ఈ ఉత్తరం కంకర తెచ్చే బండి వాళ్ళతో కొత్తవలస పంపుతున్నాను.

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటింది. జవాబు రాయకపోవడానికి పని ఒక కారణం. రెండోది నీకు తెలుసు. మొదటి మూడు రోజులు నువ్వు ఎదురుగా లేకపోవడం మంచిదైంది.

నాలుగో రోజు యశస్వినిని అడిగాను. అరుగు మీద కూర్చుని కాలు విప్పి చర్మానికి కొబ్బరినూనె రాసుకుంటోంది.

"ఆ రోజు మావయ్య ఏ పక్కనించి పోనిచ్చినాడో నీకు తెలుసా?"

"ఎనకాల కూచున్నది నానే కదా నాన్నా."

"మరెందుకు సెప్పనేదు?"

"పోలీసులడిగితే కళ్ళు మూసుకున్నానని సెప్పీసినాను. మావయ్య సెప్తాడనుకున్నాను. ఇయ్యాల సెప్తాడు, రేపు సెప్తాడని సూత్తన్నాను. ఏడాదిన్నరైంది."

"నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. నాకు పరీక్షకి ఆలీసం అయిపోతందని మావయ్యని తొందర పెట్టింది కూడా నానే."

చిట్టమ్మ లోపల నుంచి వింటోంది. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

తరవాత పిల్ల ఇంకొక మాట అంది. "మీరిద్దరూ నా కాలు గురించి మీలో మీరే రాసుకుంటన్నారు. నన్నెవురూ అడగనేదు. నాకు కాలు కావాల. మడమ వంగేది కావాల. ఫొటో వొద్దు. సైకిళ్ళు రానీ. ఇంతకీ ఆ డ్రైవరు పేరేటి?"

నాకు తెలియదు. నీ ఉత్తరం మళ్ళీ తీసి చూసి చెప్పాను. ఏడాదిన్నరగా వాడికి శిక్ష పడాలని కోరుకున్నాను, పేరు ఎప్పుడూ అడగలేదు.

నేను ఇంకేమీ రాయను. నీ మీద నాకున్నది కోపమో మరొకటో తెలియదు, కొండ మీద పని చేస్తుంటే తగ్గుతుంది, ఇంటికి వస్తే మళ్ళీ వస్తుంది. ఒక్కటి మాత్రం చెప్తాను. నవంబర్ 14న వాయిదా అడగవద్దు. కోర్టుకి వెళ్ళు. హారన్ కొట్టాడని చెప్పు. ఏ పక్క నుంచి వచ్చావో చెప్పు. అది చేయకుండా నువ్వు వెయ్యి మీటర్లు ఎక్కి వచ్చినా నా కూతురికి ఆ కాలు తొడగను. ఇది నా మాట, పిల్ల మాట కాదు. పిల్ల అయితే తొడుక్కుంటానంది.

సైకిళ్ళు ఆగనక్కర్లేదు. చిట్టమ్మ గుమ్మడికాయలు కోయించి ఉంచింది. నీ సైకిల్ ఖాళీగా ఉండదు. ఎవరో ఒకరు తొక్కుతారు.

వరహాలు

*

కూర్మన్నపాలెం,
9 నవంబర్ 2025.

బావకి,

మబ్బుగా ఉంది, పడటం లేదు. పొద్దున్న నుంచి ఇంట్లోనూ వీధిలోనూ కాకుండా గుమ్మంలో తిరుగుతున్నాను.

ప్లీడర్ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడిది సెప్తే కేసు మీ మీదకే తిరుగుతాది. అబద్ధం సెప్పినందుకు ఇంకోటి. ఆలోసించుకోండి. వాయిదా కాయితం రాసీసి ఉంచుతాను, సంతకం ఒక్కటీ పెట్టండి" అన్నాడు. ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. టీవీ మీద పెట్టాను, తరవాత బీరువాలో పెట్టాను, ఇప్పుడు మళ్ళీ టీవీ మీద ఉంది.

రోజాని అడిగాను. "నన్నడక్కండి. మా అన్నయ్య పిల్ల అది. నాను ఏటి సెప్పినా తప్పే" అంది. కాసేపటికి వచ్చి, "జైలుకెళ్తే రెండు పూటలా నానే తెత్తాను కేరేజీ" అంది. నవ్విందో లేదో చూడలేదు.

సైకిళ్ళవాళ్ళకి నేను రావడం లేదని చెప్పాను. నడుం నొప్పి అన్నాను. అప్పలసూరి నమ్మలేదు. నా ముఖం చూసి, "మీరు రాపోతే ఎనకాల తోసుకుంటా వచ్చీ వోడు ఎవుడు బావా?" అన్నాడు. సైకిల్ తాళం రోజా చేతికి ఇచ్చాను.

పద్నాలుగున ఏం చేస్తానో ఈ ఉత్తరంలో రాయను. ఇంతకు ముందు చేస్తానని అనుకుని చేయనివి చాలా ఉన్నాయి. యశస్వినికి చెప్పు, తొందర పెట్టినందుకు తప్పు ఆమెది కాదని. బండి నా చేతిలో ఉంది.

అర్జునరావు

*

వైజాగ్ రైల్వే స్టేషన్,
14 నవంబర్ 2025, పొద్దున్న ఆరు.

చిట్టమ్మ వదినకి,

ప్లాట్‌ఫారం మీద కూర్చుని రాస్తున్నాను. చల్లగా ఉంది, వాన లేదు. ఈ కాగితం మోహనకృష్ణకి ఇస్తాను, సైకిళ్ళ కంటే ముందు నీకు అందుతుంది. యశస్విని చేత చదివించుకో.

అన్నయ్య బుధవారం ప్యాసింజర్ దిగి నేరుగా ఇంటికి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "దారిలో తిన్నావా బావా?" అని ఈయన అడిగారు. "తిన్నాను" అన్నాడు అన్నయ్య. అంతే. నిన్న పొద్దున్న ఈయన సైకిల్ బయట పెట్టి సీటు దించడం మొదలుపెట్టారు. అన్నయ్య పొట్టి కదా. ఒకసారి దించి ఎక్కమన్నారు. కాలు అందలేదు. ఇంకొంచెం దించారు. "ఇప్పుడు సూడు." "సరిపోయింది." "కొండ కాడ గేరు తేలిక సేసుకో, బిగించి తొక్కకు." "సర్లే." ఆ సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. అన్నం నేను ఒకేసారి వడ్డించాను.

ఆ ప్లీడర్ కాగితం టీవీ మీద లేదు. ఎక్కడుందో నేను అడగలేదు.

ఇక్కడ బోర్డు దగ్గర ఎవరో పెద్దమనిషి వచ్చి జెండా ఊపాడు. బ్యానర్ మీద ఫొటో లేదు, పేరు కూడా లేదు. అన్నయ్య ఈ రోడ్డు మీద మొదటిసారి వెళ్తున్నానని అందరికీ తనే చెప్పుకున్నాడు. అప్పలసూరి "నా ఎనకాల వచ్చీయ్ బావా, దారి నాకు తెలుసు" అన్నాడు. అన్నయ్యకి మోకాళ్ళ నూనె, జీడిపప్పు, ఒక తువ్వాలు సంచిలో పెట్టాను. అలసిపోతే ఆటో ఎక్కమని చెప్పాను. ఎక్కడు.

నాలుగు నలభైకి పదకొండు సైకిళ్ళు బయలుదేరాయి. మూడో సైకిల్ అన్నయ్యది.

కోర్టు పదిన్నరకి తెరుస్తారు. బస్సు ఎక్కమంటే వినలేదు. ఐదుంపావుకి ఆయన నడుచుకుంటూ గాజువాక బయలుదేరారు.

రోజారమణి